ఒకే ఒరలో రెండు కత్తులు

పెన్‌హోల్డ్ గ్రిప్‌తో టేబుల్ టెన్నిస్ ఆడేవాళ్లు పాయింటు పోగొట్టుకునే తీరు ఒకటుంది. షేక్‌హ్యాండ్ వాళ్లకు ఆ బాధ లేదు. ఎదుటివాడు బ్యాక్‌హ్యాండ్ వైపు ఒక బంతి వేస్తాడు. అదేమంత కష్టమైన బంతి కాదు. మీరు సమయానికే చూశారు, కాళ్లూ సర్దుకున్నాయి. చేయి మాత్రం తేల్చుకోలేదు. ముందు వైపు రబ్బరుతో నెట్టాలా, మణికట్టు తిప్పి వెనక వైపు రబ్బరుతో కొట్టాలా? బ్యాటు సగం తిరిగి అక్కడే ఆగిపోతుంది. బంతి అంచుకో వేళ్లకో తగిలి పక్క టేబుల్ కిందికి దొర్లిపోతుంది. (బ్యాటు పట్టుకున్న చేతికి, మణికట్టు కింది భాగంలో ఎక్కడ తగిలినా రూల్స్ ప్రకారం అది చెల్లే షాటే. కాకపోతే అలా తగిలిన బంతి అవతల టేబుల్ మీద పడటం అరుదు.)

పాయింటు పోగానే మనవాళ్లు మణికట్టును విదిలించి చూసుకుంటారు, తప్పు అక్కడే ఉన్నట్టు. ఇంకొందరు రబ్బరు మార్చాలంటారు. తప్పు మణికట్టుదీ కాదు, రబ్బరుదీ కాదు. ఏ స్ట్రోకు ఆడాలన్నది బంతి వచ్చాక ఆలోచించే విషయం కాదు. అది ముందే తేలిపోయి ఉండాలి. ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఇదొక్కటే. తేల్చుకోవడం ఎలాగన్నది మాత్రం కాస్త వివరంగా చూడాలి.

ఈ ఇబ్బంది మొదటి నుంచీ ఉన్నది కాదు. 1952లో బొంబాయిలో జరిగిన ప్రపంచ పోటీల్లో మందపాటి స్పాంజి బ్యాటుతో అందరినీ హడలగొట్టిన జపాన్ ఆటగాడు హిరోజి సతో పెన్‌హోల్డ్ వాడే. 1959లో డార్ట్‌మండ్‌లో చైనాకు ఏ ఆటలోనైనా మొట్టమొదటి ప్రపంచ టైటిల్ తెచ్చిన రొంగ్ గ్వోతువాన్‌దీ అదే గ్రిప్. 1961, 63, 65లలో వరుసగా గెలిచిన జ్వాంగ్ జెదొంగ్‌దీ అదే. 1987లో ఢిల్లీలో ప్రపంచ పోటీలు జరిగినప్పుడు ఫైనల్లో స్వీడన్ కుర్రాడు వాల్డ్‌నర్‌ను ఓడించిన జియాంగ్ జియాలియాంగ్ చేతిలోనూ పెన్‌హోల్డ్ బ్యాటే. వీళ్లందరూ బ్యాక్‌హ్యాండ్‌ను ఫోర్‌హ్యాండ్ ఆడే వైపుతోనే ఆడారు. అరచేయి ఎదుటివాడి వైపు తిప్పి, ముంజేతిని ముందుకు తోస్తూ బ్లాక్ చేయడం, నెట్టడం. ఆడేది ఒకే ముఖంతో కాబట్టి సందేహానికి తావే లేదు.

ఆ తర్వాత యూరప్ వాళ్లు రెండు వైపులా టాప్‌స్పిన్ లూప్ ఆడటంలో ఆరితేరారు. 1989లో అదే డార్ట్‌మండ్‌లో టీమ్ ఫైనల్లో స్వీడన్ 5-0తో చైనాను చిత్తు చేసింది. పెన్‌హోల్డ్ వాళ్ల బ్యాక్‌హ్యాండ్ మూలకి బలమైన స్పిన్‌తో బంతి వేస్తే వాళ్లు బ్లాక్ చేయగలరు తప్ప ఎదురుదాడి చేయలేరన్నది అందరికీ తెలిసిపోయింది. అప్పుడు చైనా వాళ్లు బ్యాటు వెనక కూడా రబ్బరు అంటించి, ఆ వైపుతో కొట్టడం మొదలుపెట్టారు. పెద్ద వేదికల మీద దాన్ని నిలబెట్టింది 1996 అట్లాంటా ఒలింపిక్ చాంపియన్ లియు గ్వోలియాంగ్. దానిమీదే మొత్తం ఆట కట్టుకున్నది వాంగ్ హావ్. మన హాళ్లలో దీన్ని ‘రివర్స్’ అంటారు, ఇంకొందరు ‘ఆర్‌పీబీ’ (రివర్స్ పెన్‌హోల్డ్ బ్యాక్‌హ్యాండ్) అంటారు. ముందు వైపుతోనే ఆడే మొదటిదాన్ని నేను ‘పాత బ్యాక్‌హ్యాండ్’ అంటాను. పాతది అన్నంత మాత్రాన పనికిరానిదని కాదు.

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇక్కడ ఇముడుతాయి, కానీ ఒక షరతు మీద: అందులో ఒకటి పెద్దకత్తి అయి ఉండాలి.

వేళ్ల దగ్గర ఏం జరుగుతుంది?

రెండు స్ట్రోకుల మధ్య తేడా మోచేతికి, వేళ్లకు తెలియాలి. బ్యాటు ఒకసారి చేతిలోకి తీసుకుని చదవండి.

పాత బ్యాక్‌హ్యాండ్‌లో చూపుడువేలు బిగుస్తుంది, బొటనవేలు వదులవుతుంది. బ్యాటు వెనక మధ్యవేలు ఊతమిస్తుంది. మోచేయి ఒంటికి దగ్గరగా, పొట్ట పక్కనే ఉంటుంది. బంతి పైకి లేస్తుండగానే, ఎత్తుకు చేరకముందే, ముంజేయి ముందుకు సాగి దాన్ని నెడుతుంది. చేయి కదిలే దూరం జానెడు. కాబట్టే అది వేగంగా అందుతుంది. కాబట్టే దూరంగా పోయే బంతిని అందుకోలేదు.

రివర్స్‌లో ఇదంతా తలకిందులు. బొటనవేలు లోపలికి నొక్కుతుంది, చూపుడువేలు సడలుతుంది, వెనక వేళ్లు మరీ ముడుచుకోకుండా కాస్త చాచుకుని బ్యాటును ఆనుకుంటాయి. మోచేయి ఒంటిని వదిలి ముందుకొస్తుంది. మణికట్టు పొట్టవైపు మడుచుకుంటుంది, బ్యాటు కొన కిందికి దిగుతుంది. అక్కడి నుంచి మోచేయి ఇరుసుగా ముంజేయి విచ్చుకుని బంతిని పైకీ ముందుకూ గీరుతుంది. స్పిన్ పుష్కలంగా వస్తుంది, చేయి బారుగా సాగుతుంది. అయితే మోచేయి ముందుకు రావడానికి జాగా కావాలి. బంతి నేరుగా పొట్ట మీదికి వస్తే ఆ జాగా ఉండదు.

ఇప్పుడు బ్యాటు పట్టుకుని ఒకదాని నుంచి రెండోదానికి మారి చూడండి. రెండు వేళ్ల ఒత్తిడి తారుమారు కావాలి, మోచేయి జరగాలి, మణికట్టు తిరగాలి. నిదానంగా చేస్తే ఏమీ అనిపించదు. టేబుల్ పొడవు 2.74 మీటర్లు. ఇద్దరూ టేబుల్ దగ్గరే నిలబడి వేగంగా ఆడుతుంటే ఎదుటివాడు కొట్టిన బంతి మీ బ్యాటు దగ్గరికి రావడానికి అర సెకను కూడా పట్టదు. అంతలో చూడాలి, తేల్చుకోవాలి, గ్రిప్ మార్చాలి, కొట్టాలి. ఎంచుకోవాల్సినవి పెరిగేకొద్దీ మనిషి స్పందించే సమయం కూడా పెరుగుతుందని బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం హిక్ 1952లోనే చూపించాడు. రెండు బ్యాక్‌హ్యాండ్‌లు సమానంగా వచ్చినవాడు ఒక్కోసారి ఒక్కటే వచ్చినవాడి చేతిలో ఓడిపోవడంలో వింతేమీ లేదు.

మూడు ఫైనళ్లు

ఏది గొప్పది అన్న వాదన మన హాళ్లలో టీ తాగేటప్పుడల్లా వస్తుంది. మూడు ఫైనళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

2004 ఏథెన్స్ ఒలింపిక్స్. ఒకవైపు రివర్స్‌ను అందరికంటే బాగా ఆడే వాంగ్ హావ్. అవతల కొరియా ఆటగాడు ర్యు సుంగ్‌మిన్, ఒక్క వైపే రబ్బరున్న పాతకాలపు బ్యాటుతో. ర్యు బ్యాక్‌హ్యాండ్ మూలకి వచ్చిన బంతుల్లో చాలావాటికి పరుగున పక్కకి తప్పుకుని ఫోర్‌హ్యాండ్‌తో కొట్టాడు, కొట్టలేనివాటిని బ్లాక్ చేశాడు. 4-2తో స్వర్ణం అతనిదే. 2008 బీజింగ్. మళ్లీ వాంగ్ హావ్, ఈసారి ఎదురుగా మా లిన్. మా లిన్‌కు రివర్స్ వచ్చు, పాత బ్లాకూ పుష్షూ వచ్చు, రెండూ కలిపి ఆడతాడు. 4-1తో గెలిచాడు. 2009 యొకొహామా ప్రపంచ పోటీలు. ఈసారి వాంగ్ హావ్ రివర్స్‌తోనే వాంగ్ లిచిన్‌ను 4-0తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

పాతదాంతో ఒకరు, రెండూ కలిపి ఒకరు, రివర్స్‌తో ఒకరు. ముగ్గురూ గెలిచారు. దీన్నిబట్టి ఏ పద్ధతైనా ఒకటే అనుకుంటే పొరపాటు. ర్యు ఆట మొత్తం కాళ్ల మీద నడిచింది. ఆ కాళ్లు లేనివాడికి ఆ బ్యాటు పనికిరాదు. మా లిన్ రెండూ కలపగలిగాడంటే సర్వీసులోనూ, నెట్ దగ్గర పొట్టి బంతుల్లోనూ అతనికున్న పట్టు వల్ల. తనకు ఏ బంతి రావాలో చాలావరకు అతనే నిర్ణయించేవాడు. వాంగ్ హావ్ ఒక్క స్ట్రోకును మరో ఆలోచన లేకుండా నమ్మాడు. ముగ్గురిలో ఒక్కరూ బంతి వచ్చాక తేల్చుకుందామనుకున్నవాళ్లు కారు.

ఇప్పటి తరం మాత్రం రివర్స్ వైపే మొగ్గింది. 2022లో యూరప్ చాంపియన్ అయిన జర్మనీ ఆటగాడు డాంగ్ చ్యూ, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పదిహేడేళ్ల వయసులో సింగిల్స్ కాంస్యం గెలిచిన ఫ్రెంచ్ కుర్రాడు ఫెలిక్స్ లెబ్రూన్ ఇద్దరూ పెన్‌హోల్డే, ఇద్దరి బలమూ రివర్సే. 2000లో బంతి వ్యాసం 38 నుంచి 40 మిల్లీమీటర్లకు పెరిగింది, 2014 నుంచి ప్లాస్టిక్ బంతి వచ్చింది. బంతి కొంచెం నెమ్మదించి, ర్యాలీలు సాగుతున్నకొద్దీ ఊరికే బ్లాక్ చేసేవాడికి పాయింట్లు రావడం తగ్గింది.

మీ పెద్దకత్తి ఏది?

నా మాట సూటిగా చెబుతాను. మీ పిల్లవాడికి పదేళ్లుండి, పెన్‌హోల్డే కావాలని మారాం చేస్తుంటే రివర్స్‌తోనే మొదలుపెట్టించండి. పాత బ్లాక్ తర్వాత నేర్పవచ్చు. ముందు బ్లాక్ అలవాటైతే ఒత్తిడిలో చేయి ఎప్పుడూ దానిలోకే పారిపోతుంది. మీకు నలభై దాటి, ఇరవై ఏళ్లుగా పాత బ్యాక్‌హ్యాండ్‌తో కాలనీ టోర్నమెంట్లు ఆడుతున్నారనుకోండి, మీ పెద్దకత్తి పాతదే. దాన్ని పక్కన పడేసి రివర్స్‌కి మారాలనుకోకండి. రివర్స్‌ను ఒకటి రెండు పనులకు మాత్రమే చేర్చుకోండి. ఏ పనులకో కింద చెబుతాను.

ఈ రెండింటి మధ్యలో ఉన్నవాళ్లదే చిక్కు. ఇరవై, ముప్పై ఏళ్లవాళ్లు, వారానికి మూడు సాయంత్రాలు ఆడేవాళ్లు. వాళ్లు తమను తాము రెండు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది, బ్యాక్‌హ్యాండ్ మూల నుంచి పక్కకి జరిగి ఫోర్‌హ్యాండ్ కొట్టే కాళ్లు నాకు అయిదో గేములో కూడా ఉంటాయా? ఉంటాయంటే పాత బ్యాక్‌హ్యాండ్‌తో నెట్టుకురావచ్చు. లేవంటే, మోకాళ్లు మొరాయిస్తుంటే, రివర్సే శరణ్యం. అది నిలబడిన చోటి నుంచే దాడి చేయనిస్తుంది. రెండోది, ఎదురుగా బంతులు అందిస్తూ కూర్చోవడానికి నాకు మనిషి దొరుకుతాడా? రివర్స్ మ్యాచ్‌లు ఆడుతూ ఆడుతూ వచ్చేది కాదు. బుట్టెడు బంతులతో, ఒకే చోటికి, ఒకే స్పిన్‌తో నెలల తరబడి కొట్టాలి. అలా మనిషి దొరక్కపోతే సగం నేర్చిన రివర్స్ కన్నా పూర్తిగా వచ్చిన బ్లాక్ మేలు.

బ్యాటు సంగతి కూడా ఇక్కడే. వెనక రెండో రబ్బరు అంటిస్తే దాదాపు నలభై గ్రాములు పెరుగుతుంది. షేక్‌హ్యాండ్ వాడికి అది లెక్కలోకి రాదు, మూడు వేళ్ల మధ్య బ్యాటు మోసే మీకు వస్తుంది. వెనకకి తేలికైన రబ్బరు, పలుచని స్పాంజి తీసుకోండి. ఖరీదైన మందపాటి రబ్బరు వేసుకుని మణికట్టు నొప్పితో ఫిజియోథెరపీకి తిరిగేవాళ్లను చూశాను. కొరియా పద్ధతిలో ఒకే రబ్బరున్న చదరపు బ్యాటు వాడేవాళ్లకు ఈ గొడవ లేదు. కాకపోతే రబ్బరు లేని చెక్క వైపుతో కొడితే పాయింటు ఎదుటివాడికి పోతుంది. కాబట్టి ఆ బ్యాటుతో రివర్స్ అన్న ఊసే లేదు.

మినహాయింపులు

పెద్దకత్తి తేలాక రెండోదాన్ని ఎప్పుడు తీయాలన్నది మిగిలింది. ఇక్కడ అయిదారు సూత్రాలు రాసి గోడకు అంటించుకునేవాళ్లున్నారు. అన్ని అక్కర్లేదు. రెండు చాలు, మూడైతే ఎక్కువ.

పాత బ్యాక్‌హ్యాండ్ మీ ప్రధాన స్ట్రోకు అయితే మొదటి మినహాయింపు లాంగ్ బ్యాక్‌స్పిన్ బంతి. ఎదుటివాడు కింది నుంచి కోసి, టేబుల్ చివరి దాకా సాగే బంతిని మీ బ్యాక్‌హ్యాండ్ మూలకి వేశాడు. పాత పద్ధతిలో దాన్ని తిరిగి పుష్ చేయడమే గతి. మీరు పుష్ చేస్తారని అతనికీ తెలుసు, వెనక్కి అడుగేసి లూప్‌కి సిద్ధమైపోతాడు. ఇక్కడే రివర్స్ అక్కరకొస్తుంది. ఈ బంతి నెమ్మదిగా వస్తుంది, గ్రిప్ మార్చడానికి తీరిక ఉంటుంది, మోచేతికి జాగా ఉంటుంది. బ్యాటు కొన దించి, బంతి ఎత్తు నుంచి జారడం మొదలుపెట్టగానే పైకి గీరండి. గట్టిగా కొట్టాల్సిన పని లేదు. స్పిన్‌తో బంతి అవతల పడితే చాలు, తర్వాతి బంతికి మీ పాత బ్లాక్ ఉండనే ఉంది. నలభై దాటినవాళ్లు రివర్స్‌లో ఇదొక్కటి నేర్చుకున్నా వాళ్ల ఆట ఒక మెట్టు ఎక్కుతుంది. రెండో మినహాయింపు, చేతికందనంత బయటికి పోయే బంతి. పాత స్ట్రోకు అక్కడిదాకా సాగదు, రివర్స్ సాగుతుంది.

రివర్స్ మీ ప్రధాన స్ట్రోకు అయితే మినహాయింపులు వేరు. ఒకటి, ఒంటి మీదికి వేగంగా వచ్చే బంతి. తెలిసిన ప్రత్యర్థి రివర్స్ ఆటగాడి కుడి జేబు వైపు కొడుతూనే ఉంటాడు. అక్కడ మోచేయి ఇరుక్కుంటుంది. పాత బ్లాక్ ఒంటికి ఆనుకునే పని చేస్తుంది కాబట్టి అదే దిక్కు. దాన్ని గట్టిగా నెట్టడం, లేదంటే చేయి వదులు చేసి వేగం చంపి నెట్ దగ్గర పడేయడం, రెండూ వచ్చి ఉండాలి. వేగం చంపే బ్లాక్ టేబుల్‌కి దూరంగా నిలబడి లూప్ చేసేవాడిని ముందుకు ఉరికిస్తుంది. రివర్స్ మోజులో పడి దీన్ని మరిచిపోయిన కుర్రాళ్లను చూస్తే జాలేస్తుంది, ఉచితంగా వచ్చే పాయింట్లు వదులుకుంటున్నారని. రెండోది, నెట్ దగ్గర పడే పొట్టి బ్యాక్‌స్పిన్ సర్వీసు. దాన్ని రివర్స్‌తో ఫ్లిక్ చేయవచ్చు, ముందు వైపుతో పొట్టిగా పుష్ చేయవచ్చు. ఇక్కడ మాత్రం నిజంగానే రెండూ చేతిలో ఉంచుకోవాలి, ఎందుకంటే ఎదుటివాడు ఊహించకూడదు. అయితే ఏది ఆడాలో సర్వీసు రాకముందే అనుకోండి. అతను బంతి పైకి ఎగరేసేలోపు మీరు మనసులో ‘పొట్టిగా వస్తే పుష్’ అనుకుని ఉండాలి. వచ్చిన బంతి వేరైతే మీ ప్రధాన స్ట్రోకు ఆడండి.

మనవాళ్లు నిర్లక్ష్యం చేసేది ఈ అనుకోవడాన్నే. మీరు సర్వీసు చేసేటప్పుడైతే ఇది మరీ తేలిక. బ్యాక్‌స్పిన్‌తో పొట్టి సర్వీసు వేస్తే ఎక్కువసార్లు తిరిగొచ్చేది పుష్షే. కాబట్టి రివర్స్ ఓపెనింగ్‌కి సిద్ధంగా నిలబడండి. వేగంగా లాంగ్ సర్వీసు వేస్తే తిరిగొచ్చేది టాప్‌స్పిన్. కాబట్టి బ్లాక్‌కి చూపుడువేలు బిగించుకోండి. మీకు నచ్చిన స్ట్రోకుకు పనికొచ్చే బంతి మీ సర్వీసే తెచ్చిపెట్టాలి. మా లిన్ చేసింది అదే.

మా హాల్లో ఒక బ్యాంకు ఉద్యోగి ఉన్నారు, రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డారు. పాత బ్యాక్‌హ్యాండ్ మనిషి. సర్వీసు చేసే ముందు ఆయన పెదాలు కదులుతాయి. మొదట్లో ఏ మంత్రమో చదువుతున్నారనుకునేవాళ్లం. అడిగితే ‘తిప్పనా, తిప్పకూడదా అని ముందే చెప్పుకుంటానండీ, బంతొచ్చాక నాకు వినపడదు’ అన్నారు. ఆయనతో ఆడి కుర్రాళ్లు ఓడిపోతుంటారు.

సాధన విషయంలో ఒకే మాట. రెండు స్ట్రోకులనూ మొదటి రోజు నుంచే కలిపి సాధన చేయకండి. ముందు ఒక్కో స్ట్రోకు విడిగా, ఒకే చోటికి వచ్చే బంతుల మీద. తర్వాత మీకు ముందే తెలిసిన వరుసలో: ఒక బ్యాక్‌స్పిన్, ఒక టాప్‌స్పిన్, అంటే ఒక రివర్స్, ఒక బ్లాక్. ఎప్పుడు ఏది వస్తుందో తెలియని బంతులు ఆఖరున. చాలామంది ఈ మూడో దశతో మొదలుపెట్టి, నెల తిరక్కుండానే విసిగి వదిలేస్తారు.

మ్యాచ్ అయ్యాక బ్యాక్‌హ్యాండ్‌లో పోయిన పాయింట్లను రెండు కుప్పలుగా విడదీసుకోండి. ఇదే కొట్టాలని తేల్చుకుని కొట్టి పోగొట్టుకున్నవి ఒక కుప్ప, తటపటాయించి పోగొట్టుకున్నవి ఇంకో కుప్ప. మొదటి కుప్ప పెద్దదైతే సాధన పెంచండి, పద్ధతి మార్చకండి. రెండో కుప్ప పెద్దదైతే మీరు పెట్టుకున్న మినహాయింపులు ఎక్కువయ్యాయని అర్థం, ఒకటి కొట్టేయండి. ఒక్క మ్యాచ్ చూసి మాత్రం తీర్పు చెప్పకండి.

ఈసారి హాల్‌కి వెళ్లేముందు మీ ప్రధాన స్ట్రోకు ఏదో, దానికి మినహాయింపులు ఏవో ఒక చీటీ మీద రాసి బ్యాటు కవర్లో పెట్టుకోండి. మూడు నెలల దాకా దాన్ని మార్చకండి, యూట్యూబ్‌లో ఫెలిక్స్ లెబ్రూన్ ఎంత బాగా కొట్టినా సరే.